మగ్గం మీద నుంచి లేవని ముసలమ్మ

సినిమా నెమ్మదిగా ఉందని నాకు కోపం రాలేదు. ముందు ఈ మాట రాయి బిడ్డా. రాశాక మిగతాది చెప్తాను. ఆ రోజు థియేటర్లో మన వెనక కూర్చున్న పిల్లలు ముసలామెకు ఎక్కలేదని నవ్వుకున్నారు. నీకు కూడా లోపల అదే అనుమానం ఉందని నాకు తెలుసు. తల ఊపకు, రాయి.

నెమ్మది అంటే ఏమిటో నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. నేను ముప్ఫై ఏళ్లకు పైగా ఆసు పోసిన మనిషిని. ఆసు అంటే చదివేవాళ్లకు తెలియదేమో. చిటికి చీర, అంటే మీరనే ఇక్కత్ చీర, నేయాలంటే అడ్డంగా నేసే పేక దారాన్ని ముందుగా మేకుల చుట్టూ చుట్టాలి. ఈ చివర ఒకటే మేకు ఉంటుంది, ఆ చివర నెలవంకలాగా వరసగా బోలెడు మేకులు ఉంటాయి. దారం పట్టిన చెయ్యి అటు పోవాలి, ఇటు రావాలి. ఒక్క చీరకు వేల సార్లు. సాయంత్రానికి జడ వేసుకుందామంటే చెయ్యి పైకి లేవదు. అంతా అయ్యాక దారానికి గుర్తులు పెట్టి, రబ్బరు ముక్కలతో కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, విప్పి, మళ్లీ కట్టి, మళ్లీ ముంచాలి. ఇన్నీ అయి అది మగ్గం ఎక్కితే అప్పుడు కనిపిస్తుంది పువ్వు. ఈలోపల పువ్వు ఏదీ అని మేమెవరమూ గొణగలేదు. ఎందుకంటే చెయ్యి పోయి వచ్చిన ప్రతిసారీ ఒక పోగు పెరుగుతుంది. కంటితో చూడొచ్చు. ఆ సినిమాలో చెయ్యి పోతోంది, వస్తోంది, పోగు మాత్రం పెరగడం లేదు. నా కోపం దాని మీద.

ఇంకొక్క మాట. నేను చెప్పేదాన్ని నువ్వు పుస్తకాల తెలుగులోకి దిద్దుతున్నావు. దిద్దుకో, నాకేం అభ్యంతరం లేదు. మనుషులు అన్న మాటలు మాత్రం అన్నవి అన్నట్టే ఉంచు. వాళ్ల నోట్లోంచి మాట తీసి వేరే మాట పెట్టడానికి మనమెవరం?

ఇప్పుడు నవల సంగతి. నేను కోడలిగా వచ్చిన కొత్తలో మన ఇంటి వెనక షెడ్డులో నాలుగు గుంట మగ్గాలు ఉండేవి. మగవాళ్లు నేసేవాళ్లు, ఆడవాళ్లం ఆసు పోసేవాళ్లం, కండెలు చుట్టేవాళ్లం. ఆడవాళ్లలో గడగడా చదవడం వచ్చింది నాకొక్కదానికే. మీ తాత వారానికొకసారి కట్టంగూర్ రోడ్డు మీది దుకాణం నుంచి వారపత్రిక తెచ్చేవాడు. అందులో ఆ నవల సీరియల్‌గా వచ్చేది. ఆ రోజు మధ్యాహ్నం బువ్వ తిన్నాక నేను షెడ్డు నడిమధ్యన కూర్చుని పైకి చదవాలి. మగ్గాలు ఆగేవి కావు. పేక మోసే నాడె అటు పోయి, దెబ్బ పడి, మళ్లీ ఇటు వచ్చే సందులో నా మాట పడాలి. అలా చదివీ చదివీ నాకు ఒక లెక్క వచ్చేసింది. ఇప్పటికీ పేపరు చదివినా అదే తూగుతో చదువుతానని నువ్వే వెక్కిరిస్తావు.

మరి నేను చదువుతుంటే నా ఆసు ఎవరు పోయాలి? నా తోటికోడలు పోసేది. మీ చిన్నతాత భార్య. నాకంటే రెండేళ్లు చిన్నది, నోరు మాత్రం నాకంటే పెద్దది. "నువ్వు సదువక్కా, నీ ఆసు నేను పోస్త. గని మంచిగ సదువు, మింగకు" అనేది. తన ఆసు తాను పోసుకుని, ఆ మీద నా ఆసు కూడా పోసేది. ఇప్పుడు తన కుడి భుజం ఎలా ఉందో నువ్వు చూస్తూనే ఉన్నావు. అందులో కొంత నాది. ఆ కథది.

కథ ఏమిటంటే, భూమి మీద నీళ్లు అయిపోతాయి. కొంతమంది పెద్ద ఓడలో ఇంకో లోకానికి బయల్దేరతారు. ఆకాశంలో పోయే ఓడ. దారి ఎంత దూరమంటే ఎక్కినవాళ్లెవరూ అక్కడికి చేరరు. వాళ్ల మనవలు చేరతారు. ఆ ఓడలో ఒక ముసలమ్మ ఉంటుంది. అందరూ సామాను తెచ్చుకుంటే ఆమె మగ్గం తెచ్చుకుంటుంది. రోజుకు ఒక వేలెడంత నేస్తుంది. ఒకనాడు ఓడ పెద్ద వచ్చి, జాగా చాలడం లేదు, చెక్క కావాలి, నీ మగ్గం విప్పాలి అంటాడు.

అప్పుడు ముసలమ్మ ఏం చేసిందో మా షెడ్డులో ఎవరిని అడిగినా చెప్పేవాళ్లు. ఆమె మగ్గం గుంటలోంచి లేవలేదు. "నన్ను గూడ ఇప్పి తీస్కపో" అంది. ఓడలో ఉన్న ఆడవాళ్లంతా ఒక్కొక్కరే వచ్చి నిలువు పడుగు పోగులు తలా ఇన్ని చేత్తో పట్టుకుని నిలబడ్డారు. ఓడ పెద్ద పొద్దంతా చూసి, ఏం చేయలేక వెళ్లిపోయాడు. అది చదివిన రోజు మొదటిసారి నాలుగు మగ్గాలూ ఆగిపోయాయి. నా తోటికోడలు ఆసు మధ్యలో వదిలేసి లేచి నిలబడింది. తర్వాత ఇరవై ఏళ్లు, ముప్ఫై ఏళ్లు, కొత్తగా ఏ కోడలు వచ్చినా ఆ ముక్క నాతో చెప్పించుకునేది. పత్రికల కాగితాలు కుట్టి దాచుకున్న కట్ట ఎప్పుడో చెదలు తిన్నది. కథ మాత్రం నా నోట్లో ఉండిపోయింది.

తెలంగాణ వచ్చిన నాలుగైదేళ్లకు నువ్వు కాలేజీ నుంచి వచ్చి, "అవ్వా, నీ ఓడ కథ సినిమా తీసిండ్రంట, నల్లగొండకు వస్తాంది" అన్నావు. ఆ రోజు నా కాళ్లు నేల మీద లేవు. అప్పటికి షెడ్డులో రెండు మగ్గాలే మిగిలాయి. ఒకటి చిన్నతాతది. మీ తాత పోయాక మీ తాత మగ్గం మీద పక్కింటి వదిన కూర్చుని నేస్తోంది. అయినా ఏం, మగ్గాలు రెండు రోజులు ఆగినా పర్వాలేదు అన్నాను. నా తోటికోడలిని, వదినను, నిన్ను ఆటో ఎక్కించాను. పట్టుచీర కట్టుకోమని వాళ్లకు చెప్పింది కూడా నేనే. మన కథకు పోతున్నాం, ఏదో కూలికి పోయినట్టు పోతామా అన్నాను. పానగల్ దగ్గర చాయ్ తాగినప్పుడు ఆ చాయ్ పోసిన ఆయనకు కూడా కథ సగం చెప్పాను.

మార్నింగ్ షో. మనతో కలిపి ఒక ముప్ఫై మంది ఉంటారేమో. మొదట చీకటి. ఆ చీకట్లో ఒక నీటి చుక్క. అది పడడానికి చాలాసేపు పట్టింది. పడింది. తర్వాత ఒకాయన కళ్లు తెరిచాడు. లేచాడు. పొడుగాటి వరండాలాంటి దారిలో నడిచాడు. ఆ దారి చివరిదాకా నడిచాడు. కిటికీ ముందు నిలబడ్డాడు. నిలబడే ఉన్నాడు.

"అక్కా, బొమ్మ ఆగిందా ఏంది?" అంది నా తోటికోడలు.

"ఆగలేదే. ఆయన సోచాయిస్తాండు."

"గంత సోచాయించేటిది ఏమున్నదే? నీళ్లు లేవు, పోతాండ్రు. గంతే గద!"

"జర ఆగు. ముసలామె వస్తది."

వచ్చింది. ఇంటర్వెల్‌కు ముందు వచ్చింది. తెల్లటి జుట్టు, మంచి ముఖం. మగ్గం చూడగానే మా ముగ్గురికీ ప్రాణం లేచొచ్చింది. కానీ ఆమె నాడె అటు వేసింది, ఇటు వేసింది, మళ్లీ అటు వేసింది, కాలు కదపలేదు. బిడ్డా, ఇది కాస్త వివరంగా రాయి. నాడె ఒకసారి పోయాక కింద చెక్క తొక్కాలి. తొక్కితే పై పోగులు కిందికి, కింది పోగులు పైకి వస్తాయి. అప్పుడే తిరిగి వేసిన పోగు అక్కడ నిలుస్తుంది. తొక్కకుండా వేస్తే పోయిన దారం పోయినట్టే బయటికి వచ్చేస్తుంది. అలా వందేళ్లు నేసినా గుడ్డ పుట్టదు. నాకు ఆగలేదు. "కాలు తొక్కవేందే తల్లీ!" అని గట్టిగా అరిచాను. థియేటరంతా నవ్వింది. వదిన కూడా, "తొక్కమను వదినా, ఇంకో నాలుగు మాట్లు ఏస్తే పోగులన్ని చిక్కువడ్తయ్!" అని లేచింది. నువ్వు సీట్లో కిందికి జారిపోయావు, నేను చూశాను.

ఇంటర్వెల్‌లో వెనక వరస పిల్లవాడు ఒకడు నా దగ్గరికి వచ్చాడు. మంచివాడే, మర్యాదగానే మాట్లాడాడు.

"అవ్వా, ఇసొంటి సినిమా కథ కోసం సూడొద్దు. ఫీల్ కావాలె."

"కథ వద్దనుకుంటే నవల ఎందుకు తీస్కున్నడు బిడ్డా? ఉత్త కిటికి తీస్కుంటే అయిపోవు గద!"

వాడికి నవ్వొచ్చింది. "నీకు సమజ్ కాలేదు అవ్వా, గా నిశ్శబ్దంలనే అంతా ఉన్నది" అన్నాడు. సమజ్ కాలేదు అన్న ఆ మాట నాకు ముల్లులా దిగింది. నాకు సమజ్ కావడం వేరు, నచ్చడం వేరు. కాకర కూర వద్దనేవాళ్లు అది సమజ్ కాకనే వద్దంటారా?

రెండో సగంలో ఓడ పెద్ద వచ్చాడు. నేను నా తోటికోడలి చెయ్యి పట్టుకున్నాను. తను నా చెయ్యి నలిపేస్తోంది. ఓడ పెద్ద మగ్గం విప్పాలన్నాడు. ముసలమ్మ తల వంచుకుంది. ఇప్పుడు అంటుంది, ఇప్పుడు అంటుంది అని మేం ముగ్గురం సీట్ల అంచుకు వచ్చాం. ఆమె లేచింది. తన చేతులతో తనే మగ్గం విప్పడం మొదలుపెట్టింది. ఒక చెక్క తీసింది. దాన్ని గోడకు ఆనించింది. ఇంకో చెక్క తీసింది. పాట లేదు, మాట లేదు, ఆడవాళ్లు రాలేదు. అది ఎంతసేపు సాగిందో చెప్పలేను కానీ, వదిన ఆలోపల సంచిలోని పల్లీలు మొత్తం తిన్నది. ఆఖరికి ముసలమ్మ ఉత్త నేల మీద కూర్చుని కిటికీలోంచి చుక్కలను చూసింది. మేం ఆమెను చూశాం. వెనక పిల్లలు చప్పట్లు కొట్టారు.

నేను లేచి నిలబడి, "తప్పు తీసిండ్రు! గట్ల లేదు కథ!" అన్నాను. ఎవరో కూర్చో అవ్వా అన్నారు. కూర్చోలేదు. తెర మీద పేర్లు పడుతున్నంతసేపూ నిలబడే ఉన్నాను.

తిరిగి ఆటో ఎక్కాం. ఊరి మలుపు దగ్గర నా తోటికోడలు నా వైపు చూడకుండానే అంది:

"గీ కథ కోసమా అక్కా నేను నీ ఆసు పోసింది?"

"గిది గాదే! ఆడు ఖరాబు చేసిండు. నవలల ముసలామె లేవదు."

"ఏమో. నువ్వు సదివినవు, మేం ఇన్నం. మాకేం ఎరుక."

అంతే. అంతకంటే తిట్టినా బాగుండేది. ఆ మర్నాటి నుంచి షెడ్డులో ఫోన్‌లో పాటలు పెట్టుకోవడం మొదలుపెట్టారు. అంతకుముందు మధ్యాహ్నం కాగానే "ఏదన్న చెప్పు" అని ఎవరో ఒకరు అనేవాళ్లు. ఇప్పుడు నేను వెళ్లి కూర్చుంటే, ఫోన్ గొంతు తగ్గించి, బాగున్నావా అని అడిగి, మళ్లీ పెంచుతున్నారు. నలభై ఏళ్ల నా మాట అబద్ధం అయిపోయింది బిడ్డా. అది కూడా వాళ్ల భుజాల మీద చెప్పిన అబద్ధం. అందుకే నిన్ను అంత సతాయించాను, ఆ నవల ఎక్కడున్నా తెప్పించమని. పేజీ తీసి వాళ్ల ముందు పెట్టాలి, ఇదిగో ముసలమ్మ, ఇదిగో లేవని చోటు అని చూపించాలి.

నవల కొత్తగా అచ్చువేశారట. నువ్వు తెప్పించావు. నేను రెండు రోజులు కళ్లద్దాలు తీయలేదు. ఓడ వచ్చింది, ముసలమ్మ వచ్చింది, ఓడ పెద్ద వచ్చాడు. పేజీ తిప్పాను.

ముసలమ్మ లేచింది. తన చేతులతోనే మగ్గం విప్పి ఇచ్చింది.

మళ్లీ చదివాను. వెనక్కి పోయి చదివాను, ముందుకు పోయి చదివాను. పడుగు పట్టుకున్న ఆడవాళ్లు ఎక్కడా లేరు. "నన్ను గూడ ఇప్పి తీస్కపో" అన్న మాట లేదు. అప్పుడు మెల్లగా గుర్తొచ్చింది. ఆ ఏడు వానలకు వాగు పొంగి బస్సులు ఆగిపోయాయి. రెండు వారాలు పత్రిక రాలేదు. షెడ్డులో నాలుగు మగ్గాలు, ఇన్ని చెవులు, నా ఆసు పోస్తూ నా తోటికోడలు. పత్రిక రాలేదని చెప్పడానికి నోరు రాలేదు. పాత సంచిక ముందు పెట్టుకుని, పేజీలు తిప్పుతూ, నా నోటి నుంచే చదివాను. తర్వాత వారం పత్రిక వచ్చేసరికి ముసలమ్మ చనిపోయి ఉంది, కథ ముందుకు వెళ్లిపోయింది, నాది ఎవరికీ తెలియలేదు. చెప్పగా చెప్పగా నాకే అది చదివినట్టు అయిపోయింది.

నువ్వు నవ్వావు. నవ్వి, "వాళ్లకు చెప్పకు అవ్వా. వాళ్లేం సదువుతరా ఏమన్ననా" అన్నావు. నీ మనసు మంచిదే. కానీ ఆ భుజం రోజూ నా కళ్ల ముందు తిరుగుతోంది. అబద్ధం చెప్పి కథ వినిపించడం ఒకటి. అది అబద్ధమని తెలిశాక కూడా ఊరుకోవడం ఇంకొకటి.

ఇంకో సంగతి కూడా రాయి. సినిమా ఆయన రాసింది రాసినట్టే తీశాడని తెలిసింది కదా, ఇప్పుడైనా కోపం పోయిందా అని అడిగావు. పోలేదు. రెండింతలైంది. ఒకాయన తప్పు రాశాడు, ఇంకొకాయన ఆ తప్పును అంతసేపు చూపించాడు.

మర్నాడు మధ్యాహ్నం పుస్తకం పట్టుకుని షెడ్డుకు వెళ్లాను. ఫోన్ బంద్ చేయమన్నాను. ఉన్నది ఉన్నట్టు చదివాను. ముసలమ్మ మగ్గం విప్పిన చోటు మింగకుండా చదివాను. చదివి, వాగు సంగతి, రాని పత్రిక సంగతి చెప్పాను. "గది నాది. ఆయన రాయలే. నేనే జెప్పిన" అన్నాను.

రెండు మగ్గాలూ ఆగాయి. చిన్నతాత తల వంచుకుని నవ్వుకుంటున్నాడు. నా తోటికోడలు మాత్రం నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను.

"పడుగు ఏం జేసిందట?" అంది.

"ఏం పడుగు?"

"మగ్గం ఇప్పింది గదా. మరి దాని మీది పడుగు? కోసిందా, సుట్టి పెట్టిందా? ఏమని రాసిండు?"

నేను పుస్తకంలో వెతికాను. రాయలేదు. చెక్కల గురించి రాశాడు, కిటికీ గురించి పేజీన్నర రాశాడు, పడుగు గురించి ఒక్క ముక్క లేదు.

"ఆయనకు తెల్వది" అంది వదిన తన మగ్గం మీద నుంచి. మా దగ్గర చీరల పడుగు ఒకటి అయిపోతే, పోగులు దూర్చే దువ్వెనలాంటి అచ్చులోంచి వాటిని పూర్తిగా లాగేయరు. కొసలు ఉంచుతారు. కొత్త పడుగు పోగులను ఆ కొసలకు ఒక్కొక్కటిగా అతుకుతారు. అలా ఈ మగ్గం మీది పోగు మా మామల కాలం పోగుకు అతికి ఉంటుంది. అచ్చు ఉత్తగా ఉంచిన ఇల్లు నేత మానేసిన ఇల్లు.

"నేసేటామె అయితే చెక్కలు ఇస్తది, అచ్చు ఇయ్యది" అంది నా తోటికోడలు. "కొసలతోని సుట్టి, చీర కింద దాస్తది. గా లోకం పోయినంక మనుమరాలు అతుక్కుంటది. చెక్క యాడనన్న దొర్కుతది."

"దాసుడేంది? దొంగా ఆమె? కూసుంటది. లేవది. నేను జెప్పిందే ఖాయం" అన్నాను.

"నువ్వు జెప్పింది గూడ మంచిగనే ఉన్నది. గని గంతమంది ఆడోళ్లు పట్టుకుంటే పోగులు తెగుతయ్ అక్కా. గప్పుడు నేను సోచాయించలే, ఉరికి లేసి నిలవడ్డ."

"తెగవు! మెల్లగ పట్టుకున్నరు."

"తెగుతయ్."

అలా పొద్దు పోయేదాకా కొట్లాడాం. సినిమా పేరు ఎవరూ ఎత్తలేదు. నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోను. ముసలమ్మ లేవదు.

ఆఖరికి వదినకు విసుగొచ్చింది. "పేక అయిపోతాంది, మీ లొల్లి అయిపోతలేదు. మొదటి సంది సదువు వదినా, పుస్తకమంత" అంది.

"సదువు" అంది నా తోటికోడలు కూడా. "గని ఏది ఆయనదో, ఏది నీదో జెప్పి సదువు. ఇంక మోసపోను."

"జెప్పను" అన్నాను. "మీకు చేతనైతే పట్టుకోండ్రి."

అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం చదువుతున్నాను. నా మీద అనుమానం వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు మగ్గం ఆపి, "ఆగాగు, గిది నీదే!" అంటారు. ఇప్పటికి మూడుసార్లు ఆపారు. అందులో రెండు ఆయన రాసినవే.